గెస్ట్ పాసు ఇచ్చేముందు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి

గౌరవనీయులైన సంపాదకుల గారికి,

అమెరికా విమానసంస్థలు తమ ఉద్యోగుల బంధుమిత్రుల కోసం తగ్గింపు ధరకు ఇచ్చే గెస్ట్ పాసుల గురించి మన కుటుంబాలలో ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. వీటినే బడ్డీ పాసులని కూడా అంటారు. మేనల్లుడో, వదినగారో, చిన్ననాటి స్నేహితుడో విమానసంస్థలో ఉద్యోగం చేస్తుంటే ఇక టికెట్టు ఖర్చుకు బెంగపడనక్కర లేదని, పెళ్లికైనా పండుగకైనా ఆ పాసు మీద హాయిగా వెళ్లి రావచ్చని అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఒక విమానసంస్థలో ఏళ్ల తరబడి గేటు దగ్గర పనిచేస్తూ, ఆ నమ్మకంతో వచ్చి రోజంతా కూర్చుని దిగులుగా వెనుదిరిగిన కుటుంబాలను చూసినదాన్ని కనుక, పాసు ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయదలచుకున్నాను. తేదీ తప్పితే నష్టం కలిగే ప్రయాణానికి గెస్ట్ పాసు ఇవ్వవద్దు, అడగవద్దు. మిగిలిన ప్రయాణాలకు ఇచ్చేటప్పుడైనా, దానిలో ఉన్న అనిశ్చితి అంతటినీ ముందే విప్పి చెప్పి ఇవ్వండి.

గెస్ట్ పాసుకు డబ్బు కట్టినవారి పేరిట సీటు ఏదీ ఉండదు. విమానం తలుపు మూసే సమయానికి సీట్లు మిగిలితే, వాటి కోసం వేచివుండేవారి జాబితాలో వారి పేరు కూడా ఉంటుంది, అంతే. దీన్నే స్టాండ్‌బై అంటారు. ఆ జాబితాలో ముందుగా పూర్తి ధర చెల్లించి విమానం మార్చుకోదలచిన ప్రయాణికులు, అంతకుముందు రద్దయిన విమానం నుంచి గానీ తప్పిపోయిన కనెక్షన్ నుంచి గానీ వచ్చిపడినవారు ఉంటారు. మరో ఊరిలో విధులకు చేరవలసిన పైలట్లు, విమాన సిబ్బంది కోసం సీట్లు వేరుగా తీసిపెడతారు. వీరందరి తరువాత ఆ సంస్థ ఉద్యోగులు, వారి భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, పదవీ విరమణ చేసినవారు తమతమ ప్రాధాన్య తరగతుల వరుసలో వస్తారు. గెస్ట్ పాసు మీద వచ్చినవారిది దాదాపు అట్టడుగు తరగతి. ఒకే తరగతిలో ఉన్నవారి మధ్య వరుసను కొన్ని సంస్థలు ఉద్యోగి సీనియారిటీని బట్టి, మరికొన్ని చెక్-ఇన్ చేసిన సమయాన్ని బట్టి నిర్ణయిస్తాయి.

మన పాఠకులకు రైల్వే వెయిటింగ్ లిస్టు బాగా పరిచయం కనుక స్టాండ్‌బైని కూడా అలాంటిదే అనుకుంటారు. అక్కడ 12వ నంబరు వచ్చినవారు మెల్లగా 8కి, 3కి జరుగుతారే గాని 20కి పోరు. ఇక్కడ పోతారు. ఉదయం 4వ స్థానంలో కనిపించిన గెస్ట్ పేరు, సాయంత్రం ఉద్యోగుల కుటుంబాలు రెండు మూడు వచ్చి చేరగానే, 13వ స్థానానికి దిగజారుతుంది. వారు ఆలస్యంగా వచ్చినా వారి తరగతి పైది కనుక ముందుకు వెళతారు, అందులో అన్యాయమేమీ లేదు. కానీ ఆ సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల, గేటు దగ్గర తెర మీద తన పేరు కిందికి జారడం చూసిన పెద్దాయన మేమేదో పక్షపాతం చూపించామని నొచ్చుకుంటారు. ఆయనకు ఆ బాధ కలగడానికి కారణం ఇంటి దగ్గర చెప్పకుండా వదిలేసిన నాలుగు మాటలు.

పాత తరం ఉద్యోగులు చెప్పే అనుభవాలు కూడా ఈ అపోహను పెంచుతున్నాయి. 1970ల తొలి సంవత్సరాలలో అమెరికా విమానాలు సగటున సగం సీట్లు మాత్రమే నిండి ఎగిరేవి. ఆ రోజులలో స్టాండ్‌బై అంటే ఇంచుమించు సీటు దొరికినట్టే. 1978లో టికెట్టు ధరలపై ప్రభుత్వ నియంత్రణ తొలగించే చట్టం వచ్చాక సంస్థల మధ్య పోటీ పెరిగింది, ఆ తరువాత కంప్యూటర్లు ప్రతి సీటునూ ఏదో ఒక ధరకు అమ్మే పద్ధతిని తెచ్చాయి. అంతర్జాతీయ విమానసంస్థల సంఘం ఐఏటీఏ లెక్క ప్రకారం 2024లో ప్రపంచవ్యాప్తంగా 83.5 శాతం సీట్లు నిండాయి, అప్పటికి అది రికార్డు. ఇది రద్దీ లేని రోజులనూ, రాత్రి వేళలనూ కలిపిన సగటు. వేసవి సెలవులలో, థాంక్స్ గివింగ్ పండుగ వారంలో, క్రిస్మస్ ముందు రోజులలో ఖాళీ సీటు అన్న మాటే అరుదు.

ఈ సగటు వెనుక ఉన్న ఒక చిన్న లెక్కను పాసు తీసుకునే ప్రతివారూ వేసి చూసుకోవాలని నా కోరిక. 180 సీట్ల విమానంలో 150 మంది ఉన్నారనుకుందాం, అంటే 30 ఖాళీలు. మధ్యాహ్నం ఆ దారిలో ఒక విమానం రద్దయితే దానిలోని 150 మందినీ తరువాతి విమానాలలో సర్దాలి. ఒక్కొక్క దానిలో 30 మంది చొప్పున పోతే వారు సర్దుకోవడానికే ఐదు విమానాలు పడతాయి. ఆ దారిలో రోజుకు మూడు విమానాలే ఉంటే, ఆ ఒక్క రద్దు వల్ల మరునాడంతా స్టాండ్‌బై జాబితా కదలదు. ఉరుములతో కూడిన వాన ఒక పెద్ద కేంద్ర విమానాశ్రయాన్ని రెండు గంటలు ఆపితే రద్దయ్యేది ఒక విమానం కాదు, పదుల సంఖ్యలో ఉంటాయి. అటువంటి సాయంత్రం గెస్ట్ పాసు మీద ఉన్నవారు నన్ను అడిగే మొదటి ప్రశ్న రాత్రికి గది ఇస్తారా అని. ఇలా పాసు మీద స్టాండ్‌బైలో ఉన్నవారికి సంస్థ గది గానీ, భోజనం గానీ, మరో సంస్థ విమానంలో సీటు గానీ ఇవ్వదు. ఆ మాట నా నోటితో చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది.

ఖాళీ సీటు కళ్లకు కనిపిస్తున్నా ఎక్కించలేని సందర్భాలు కూడా ఉంటాయి, వీటిని అర్థం చేసుకోవడం అన్నిటికన్నా కష్టం. విమానం మోయగల బరువు గాలి చిక్కదనం మీద, రన్‌వే పొడవు మీద, దారిలో ఎదురుగాలి మీద ఆధారపడుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, రెక్కలకు దొరికే ఆసరా తగ్గుతుంది. దాదాపు 1,650 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో వేసవి మధ్యాహ్నం ఇది మరీ ఎక్కువ. 2017 జూన్‌లో ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు చిన్న తరహా ప్రాంతీయ విమానాలను అసలు ఎగరనివ్వక పదుల సంఖ్యలో రద్దు చేశారు. అంత తీవ్రత లేని రోజులలో విమానం ఎగురుతుంది గాని, బరువు తగ్గించడానికి కొన్ని సీట్లు ఖాళీగా ఉంచుతారు. పన్నెండు సీట్లు ఖాళీగా ఉన్నాయి కదా, నన్నెందుకు ఎక్కించరు అని అడిగేవారికి, తలుపు మూయడానికి మూడు నిమిషాల ముందు, వెనుక మరో యాభై మంది నిలబడి ఉండగా, ఇంత వివరంగా చెప్పే వీలు మాకు ఉండదు.

చట్టం కూడా వీరిని వేరుగానే చూస్తుంది. సీటు నిరాకరించినప్పుడు అమెరికాలో ఇచ్చే నష్టపరిహారం కన్ఫర్మ్ అయిన రిజర్వేషను ఉన్నవారికే వర్తిస్తుంది. విమాన ప్రయాణికుల నష్టపరిహారం గురించి ఐరోపా సమాఖ్య 2004లో చేసిన 261వ నిబంధన మూడవ అధికరణం, ఉచితంగా గానీ ప్రజలకు అందుబాటులో లేని తగ్గింపు ధరతో గానీ ప్రయాణించేవారికి ఆ రక్షణ లేదని స్పష్టంగా చెబుతోంది. 2017 ఏప్రిల్ 9న షికాగో నుంచి లూయివిల్ వెళ్లవలసిన యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో, నలుగురు సిబ్బందికి చోటు కల్పించడం కోసం, టికెట్టు కొని సీట్లో కూర్చున్న ప్రయాణికుణ్ణి బలవంతంగా ఈడ్చుకువెళ్లిన దృశ్యాలు ప్రపంచమంతా చూసింది. ఆ ఘటన తరువాత, గేటు వద్ద బోర్డింగ్ పాసు ఆమోదించాక ప్రయాణికుణ్ణి ఇష్టానికి వ్యతిరేకంగా దించకూడదని 2018లో అమెరికా కాంగ్రెసు చట్టం చేసింది. ఆ చట్టం కాపాడేది కన్ఫర్మ్ రిజర్వేషనుతో డబ్బు చెల్లించిన ప్రయాణికులను మాత్రమే. గెస్ట్ పాసు మీద సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్న తరువాత కూడా, ఆలస్యంగా పరుగెత్తుకొచ్చిన కన్ఫర్మ్ ప్రయాణికుడి కోసం లేచి దిగవలసి రావచ్చు. అది అరుదుగానే జరిగినా జరుగుతుంది.

ఇక అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే విషయం, పిల్లలను చూడడానికి అమెరికా వచ్చి తిరుగు ప్రయాణమైన పెద్దవారిది. సందర్శక వీసా మీద వచ్చినవారికి విమానాశ్రయంలో అధికారి ఒక గడువు తేదీ ఇస్తాడు, సాధారణంగా ఆరు నెలలు. ఆ తేదీ ఉండే నమోదును ఐ-94 అంటారు. పొడిగింపుకు సకాలంలో దరఖాస్తు చేయనివారు ఆ తేదీ దాటి ఒక్క రోజు ఉన్నా వారి వీసా చెల్లకుండా పోతుంది, పాస్‌పోర్టు మీద ముద్రించిన వీసా గడువు ఇంకా ఏళ్లు మిగిలి ఉన్నా సరే. ఇది తెలిసి కూడా, చివరి వారంలో ఖాళీలు ఉన్నట్టు కనిపిస్తున్నాయి కదా అని, మనవల దగ్గర మరో నాలుగు రోజులు ఉండనిచ్చి, గడువు ఇక రెండు రోజులుందనగా పెద్దవారిని స్టాండ్‌బై మీద పంపడానికి పూనుకునే కుటుంబాలు ఉన్నాయి. వారి ప్రేమను నేను శంకించను. కానీ రెండు రోజులు వరుసగా విమానాలు నిండిపోతే, ఆఖరి ఘడియలో కన్ఫర్మ్ టికెట్టు ధర ఎంత పలికినా కొనక తప్పదు. కొనడానికి సీటే దొరక్కపోతే, వచ్చే ఏడు మళ్లీ రావాలనుకున్న అమ్మానాన్నలు కొత్త వీసాకు మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

దారి మధ్యలో చిక్కుకోవడం ఇంకొక రకం కష్టం. గెస్ట్ పాసు సాధారణంగా ఆ ఉద్యోగి పనిచేసే సంస్థ విమానాలకే చెల్లుతుంది. అది దింపిన చోటి నుంచి ముందుకు మరో సంస్థ విమానంలో టికెట్టు కొనుక్కోవాలి. మొదటి విమానంలో స్టాండ్‌బై, రెండవదానిలో కన్ఫర్మ్ టికెట్టు అన్నప్పుడు, మొదటిది ఎక్కలేకపోతే రెండవ టికెట్టు డబ్బు పోవచ్చు, ఎందుకంటే రెండూ వేర్వేరు ప్రయాణాలు, ఒకదాని ఆలస్యానికి మరొక సంస్థకు బాధ్యత లేదు. రెండు వైపులా స్టాండ్‌బై అయితే, షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) లేని మన పాస్‌పోర్టుతో ఐరోపాలోని ఒక విమానాశ్రయంలో బయటికి వెళ్లి గది తీసుకునే వీలు లేక కుర్చీలలో రాత్రి గడపవలసి రావచ్చు. మందులు వేసుకునే వయసువారిని, ఇంగ్లీషులో అడిగి తెలుసుకోవడానికి బెరుకు పడేవారిని ఒంటరిగా ఇలా పంపడం ఏ లెక్కన చూసినా సరికాదు.

ఇక్కడ ఒక భేదం గుర్తించాలి. ఉద్యోగి సొంత తల్లిదండ్రులు చాలా సంస్థలలో గెస్టుల తరగతిలో ఉండరు, వారి స్థానం పైది. అమెరికా పన్ను చట్టం 132వ సెక్షను కూడా ఉద్యోగి తల్లిదండ్రుల విమాన ప్రయాణాన్ని ఉద్యోగి ప్రయాణంతో సమానంగా చూసి పన్ను మినహాయిస్తుంది. అత్తమామలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, స్నేహితులకు ఆ వెసులుబాటు లేదు. వారి ప్రయాణం విలువలో వారు చెల్లించని భాగం ఉద్యోగి ఆదాయంగా లెక్కకు వచ్చి పన్ను పడుతుంది. మీ అమ్మానాన్నలు పోయినసారి సులువుగా వెళ్లారు కదా, మా అమ్మానాన్నలకు మాత్రం ఎందుకు కుదరదు అని ఇంట్లో మాట పట్టింపులు రావడం విన్నాను. తేడా నిబంధనలోనే ఉంది, మనసులో లేదు. ఆ సంగతి ఉద్యోగి ముందుగానే జీవిత భాగస్వామికి వివరించడం మంచిది.

పాసు ఇచ్చిన ఉద్యోగి మీద పడే భారం గురించి బయటివారికి తెలిసింది చాలా తక్కువ. గెస్ట్ చేసే ప్రతి పనికీ ఉద్యోగే బాధ్యుడు. గేటు దగ్గర గట్టిగా వాదించినా, విమానంలో దురుసుగా మాట్లాడినా, సిఫారసు కోసం ఉద్యోగి పేరు పదేపదే వాడినా ఆ ఫిర్యాదు అతని పైఅధికారికి చేరుతుంది, అతని కుటుంబమంతటి ప్రయాణ సౌకర్యాన్ని కొంతకాలం నిలిపివేయవచ్చు. పాసును లాభానికి అమ్మితే ఉద్యోగమే పోతుంది. వ్యాపార పనులకు వాడడం కూడా నిషిద్ధం. దుస్తుల విషయంలోనూ నియమాలు ఉంటాయి. 2017 మార్చిలో డెన్వర్ నుంచి మినియాపోలిస్ వెళ్లే యునైటెడ్ విమానంలో లెగ్గింగ్స్ వేసుకున్న ఇద్దరు అమ్మాయిలను ఎక్కనివ్వలేదని పెద్ద దుమారం రేగింది. వారు ఉద్యోగుల పాసు మీద ప్రయాణిస్తున్నారని, డబ్బు చెల్లించిన ప్రయాణికులకు ఆ నియమం లేదని సంస్థ తరువాత వివరించింది. ఆ నియమం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, ఆడపిల్లల బట్టల మీద అంత పట్టుదల అవసరం లేదనే నేనూ అనుకుంటాను. అయినా పాసు మీద వెళుతున్న గెస్టుకు గేటు దగ్గర ఆ వాదన పనికిరాదు. ఏ దుస్తులు వేసుకోవచ్చో ఇంటి దగ్గరే చెప్పి పంపడం ఉద్యోగి పని.

ఇంత రాశాను గనుక గెస్ట్ పాసులను రద్దు చేయాలని నేను కోరుతున్నట్టు ఎవరూ అనుకోవద్దు. తేదీతో పట్టింపు లేని ప్రయాణానికి ఇది నిజంగా మంచి సదుపాయం. సెలవులలో ఎప్పుడు చేరినా ఫరవాలేని విద్యార్థి, పదవీ విరమణ చేసి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేని దంపతులు, అనుకున్న ఊరు కుదరకపోతే మరో ఊరు చూసి వద్దామనుకునే స్నేహితులు దీనిని సంతోషంగా వాడుకుంటారు. వారికి నేను చెప్పేవి కొన్నే. రోజులో మొదటి విమానానికి రండి, అది తప్పితే తరువాతివి ఉంటాయి, రాత్రి ఆఖరి విమానం తప్పితే తెల్లవారే వరకు ఏమీ ఉండదు. మంగళ, బుధవారాలు సాధారణంగా నయం, ఆదివారం సాయంత్రాలు వద్దు. చేతి సంచీతోనే ప్రయాణించండి, మందులు, ఫోన్ ఛార్జరు, మార్చుకోవడానికి ఒక జత బట్టలు అందులోనే ఉంచుకోండి, ఎందుకంటే చెక్-ఇన్ చేసిన పెట్టె మీకంటే ముందు వెళ్లిపోవచ్చు. నలుగురు కలిసి వస్తే రెండు సీట్లే దొరికినప్పుడు ఎవరు ముందు వెళ్లాలో గేటుకు రాకముందే నిర్ణయించుకోండి, మేము మీ జవాబు కోసం ఆగగలిగేది క్షణాలే. తిరుగు ప్రయాణానికి ఒక్కొక్కరికి కన్ఫర్మ్ టికెట్టు కొనగల డబ్బు చేతిలో లేకపోతే బయలుదేరవద్దు.

ఉద్యోగులైన తెలుగువారికి నా అభ్యర్థన వేరు. మీ తెర మీద కనిపించే ఖాళీల సంఖ్యను బంధువులకు మాట ఇచ్చినట్టు చెప్పకండి. ఈ రోజు 22 ఖాళీలు కనిపించిన విమానంలో రేపటికి 15 అమ్ముడు కావచ్చు, మిగిలిన ఏడింటికి మీవారి కన్నా ముందు పదిమంది ఉండవచ్చు. ఖాళీలతో పాటు జాబితాలో ముందున్నవారి సంఖ్య కూడా చెప్పండి, బయలుదేరే ముందు రాత్రి మరోసారి చూసి చెప్పండి. ప్రయాణం మొదలైన తరువాత మీ ఫోన్ ఆన్‌లో ఉంచండి, గేటు దగ్గర కూర్చున్నవారికి మరో దారి ఏదో చూసి చెప్పగలిగేది మీరొక్కరే. అదే రోజుకు, అదే ఊరికి మామూలు టికెట్టు ధర ఎంతో కూడా చూసి పక్కన పెట్టి చూపించండి. అంతర్జాతీయ ప్రయాణాలలో పన్నులు, రుసుములు కలిపాక గెస్ట్ పాసుకూ, ముందుగా కొన్న చౌక టికెట్టుకూ తేడా చాలా తక్కువగా ఉండే సందర్భాలు తరచూ వస్తాయి. ఆ కాస్త తేడా కోసం ఎవరినీ రెండు రోజులు విమానాశ్రయంలో కూర్చోబెట్టనక్కర లేదు.

విమానసంస్థలు కూడా తమ వంతు చేయాలి. గెస్ట్ నుంచి డబ్బు తీసుకునే ముందే, అతను ఏ తరగతిలో ఉన్నాడో, అతని కన్నా పై తరగతులలో ఆ క్షణానికి ఎందరున్నారో, సీటు దొరకకపోతే గది గానీ భోజనం గానీ ఇవ్వబోమన్న సంగతి ఏమిటో, అతనికి అర్థమయ్యే భాషలో, ఉద్యోగికి కాక నేరుగా అతని ఫోనుకే పంపాలి. ప్రస్తుతం ఈ వివరాలలో చాలావరకు ఉద్యోగి లాగిన్ వెనుకే ఉంటాయి, డబ్బు పెట్టి ప్రయాణించే మనిషికి అవన్నీ ముందే కనిపించవు. ఆ సమాచారం సంస్థల వద్ద ఇప్పటికే ఉంది కనుక దానిని పంపడానికి పెద్దగా ఖర్చు కాదు.

ఇట్లు
ఒక విమానసంస్థలో గేటు ఉద్యోగిని, మీ పత్రిక పాఠకురాలు